జోర్వాక్‌కు పిట్టకు పెట్టిన ఆదివారం

పుట్టనే పుట్టని ఒక మనిషికి కర్మకాండ చేసి, ఆ పుణ్యంతో తన పెళ్ళిని తనే గోదాట్లో కలుపుకోబోయినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. పేరు తిరుపతి, ఊరు గోదావరిఖని, ఉద్యోగం భూమి లోపల బొగ్గు గనిలో. ఒళ్ళు భూమి కింద ఉన్నా తలకాయ మాత్రం మబ్బుల్లోనే ఉంటుందని మా అమ్మ నా గురించి చుట్టాలందరికీ చెబుతుంది. ఆమె మాటలో అబద్ధం లేదని ఈ కథ చివర మీరే ఒప్పుకుంటారు.

నాలుగేళ్ళ కిందటి సంగతి. నాకూ, మా పక్క క్వార్టర్‌లో ఉండే సమ్మయ్యకూ ఫోన్లో ఒక ఆట పిచ్చి పట్టింది. ఇద్దరిదీ ఒకే గని, ఒకే షిఫ్టు, ఒకే బండి. ఆటకు ఏదో ఇంగ్లీషు పేరుండేది గానీ మేం గుహలాట అనేవాళ్ళం. ఏడు గుహలు దాటితే మంచులో మునిగిన ఒక కోట వస్తుంది. ఆ కోటలో జోర్వాక్ అనే ముసలి మాంత్రికుడు ఉంటాడు. బొడ్డు దాకా తెల్ల గడ్డం, నల్ల ముసుగు, చేతిలో ఒక కర్ర, కర్ర కొసన నీలం దీపం, కోట వాకిట్లో కాపలాకు కట్టేసిన కొమ్ముల జంతువు ఒకటి. దుర్మార్గుడే, కాదనను. ఊళ్ళకు ఊళ్ళు బూడిద చేసినవాడు. కానీ ఎనిమిది నెలలు వాడి వెంటపడి తిరిగేసరికి నాకు వాడు మా బంధువుల్లో ఒకడిలాగే అనిపించేవాడు.

దీనికి కొంత కారణం నా నిద్ర. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు పడుకోవాలి. పగటి నిద్ర అసలు నిద్ర కాదు. కిటికీకి కట్టిన నీలం చీరముక్కలోంచి ఎండ దిగి గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంటుంది. బయట కూరగాయల బండివాడి కేక ఎక్కడో కొండ అవతలి నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బండలు పగలడానికి మందు పేలిస్తే మంచం సన్నగా వణుకుతుంది. నా కలలో అది జోర్వాక్ కోట తలుపు మూసుకున్న చప్పుడు అయ్యేది. లేచి కూర్చుని, ఏది గని, ఏది కోట అని కాసేపు ఆలోచించుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ కాసేపు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

ఒక శుక్రవారం సాయంత్రం ఆట చివరికి చేరాం. బూడిద రంగు బట్టలు కట్టుకున్న మంత్రగత్తె ఒకామె మా పక్షం. కోట బురుజు మీద ఆమెకూ జోర్వాక్‌కూ యుద్ధం. ఆమె చేతుల్లోంచి తెల్లని వెలుగు, వాడి కర్రలోంచి నీలం వెలుగు. రెండూ కలిసినచోట మంచు గాలిలోనే ఆగిపోయింది. అట్లా ఎంతసేపు ఆగిందో, మా ఇద్దరికీ ఊపిరి కూడా అంతసేపూ ఆగింది. తర్వాత జోర్వాక్ వెనక్కి ఒరిగి, కింద ఉన్న సరస్సులోకి మెల్లగా, పండుటాకు రాలినట్టు పడిపోయాడు. నల్ల ముసుగు ఒక్కటే నీళ్ళ మీద తేలింది. తెర తెల్లబడింది. తరువాయి భాగం త్వరలో అని రాసి వచ్చింది.

"అయిపాయె. సచ్చిండు," అన్నాను నేను.

"ఎవడు జెప్పిండు?" అన్నాడు సమ్మయ్య.

"కండ్లు కనవడ్తలేవా? గంత ఎత్తుకెల్లి పడ్డడు."

"పడ్డది చూసిన. సచ్చింది చూడలే. శవం ఏది?"

"నీళ్ళల్ల మునిగింది."

"మునిగితే తేలాలె గద. ముసుగు తేలింది, మనిషెందుకు తేలడు?"

"వాని వయసు తొమ్మిది వందలేండ్లు. ఎముకలు బరువుంటయి."

ఇటువంటి శాస్త్రీయమైన వాదన ఆ రాత్రి డ్యూటీకి పోతూ బండి మీద, మరునాడు క్యాంటీన్లో, మళ్ళీ బండి మీద సాగింది. చనిపోయాడని నేను, బతికున్నాడని వాడు. శనివారానికి మా షిఫ్టు రెండు పార్టీలయింది. ఆట ఏమిటో తెలియనివాళ్ళు కూడా ఏదో ఒక పార్టీలో చేరారు. చివరికి సమ్మయ్యకు విసుగొచ్చి, చాయ గ్లాసు కింద పెట్టి అన్నాడు: "నీకు గంత నమ్మకముంటే పిట్టకు పెట్టు. పిట్ట ముడితే సచ్చిండని ఒప్పుకుంట."

వాడు వెటకారానికి అన్నాడు. నేను నిజంగా తీసుకున్నాను. నా బతుకంతా ఇదే గొడవ.

మా దిక్కు మనిషి పోయిన మూడో రోజు, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి కాకి కోసం ఎదురుచూస్తారు. కాకి ముడితే పోయినవాళ్ళు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. దాన్ని తీరుస్తామని అందరూ మొక్కుతారు. కాకి ముట్టడం తృప్తికి గుర్తేగానీ చావుకు రుజువు కాదన్న చిన్న సంగతి ఆ రోజు మా ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. శుక్రవారం పోయాడు కాబట్టి మూడో రోజు ఆదివారం అని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాం.

ఆదివారమే నా పెళ్ళి మాట ఖాయం చేసుకోవడానికి రజిత వాళ్ళు వస్తున్నారు.

రజిత గురించి ముందే చెప్పాల్సింది, నా బుద్ధి చూశారుగా. మంచిర్యాలలో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. మేమిద్దరం ఒకరినొకరు ఇష్టపడి, రెండు ఇళ్ళ వాళ్ళనూ ఒప్పించడానికి రెండేళ్ళు పట్టింది. వాళ్ళ నాన్న మల్లేశం గనిలో దీపాల గదిలో పని చేసి రిటైరయ్యాడు, మెత్తని మనిషి. కానీ ఇంట్లో మాట చెల్లేది మేనమామ ఓదెలుది. ఆయనకు మైల, ముహూర్తం, శకునం అన్నీ పట్టింపే. మంగళవారం నుంచి మూఢం. మూడు నెలలు మంచి రోజుల్లేవు. పెద్దపల్లిలో రజితకు వరసైన బావ ఒకడు సిద్ధంగా ఉన్నాడు. ఈ ఆదివారం తప్పితే ఆమెను అటే ఇచ్చేస్తామని ఓదెలు ముందే తేల్చి చెప్పాడు.

శనివారం సాయంత్రం రజిత ఫోన్ చేసింది.

"రేపు జర సోయిల ఉండు. మా మామ సంగతి తెలుసు గద."

"ఉంట."

"గా ఆట జోలికి పోకు."

"పోను. అయిపోయింది. జోర్వాక్ సచ్చిండు."

"నాకైతే నమ్మబుద్ధి కాదు," అని పెట్టేసింది. అప్పటికే నా చొక్కా జేబులో జిరాక్సు షాపులో తీయించిన జోర్వాక్ ఫొటో మడతపెట్టి ఉంది.

ఆదివారం తెల్లవారి షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇద్దరం గోదావరి ఒడ్డుకు పోయాం. పొగమంచు. అవతలి ఒడ్డు లేదు. కరెంటు ప్లాంటు పొగగొట్టాలు సగానికి మంచులో మునిగి, పై సగాలు మాత్రం గాలిలో నిలబడి ఉన్నాయి. అచ్చం వాడి కోటలాగే. రాత్రంతా నిద్ర లేదు, కళ్ళు మండుతున్నాయి, ఇసుక చల్లగా ఉంది. నేను ఆ ఇసుక మీద నడుస్తున్నానో ఆటలో నడుస్తున్నానో గట్టిగా చెప్పలేను. అంత హాయిగా ఉన్న పొద్దు నా జీవితంలో మళ్ళీ రాలేదు.

ఒక రాయికి ఫొటో ఆనించి అగరొత్తి వెలిగించాను. విస్తరి పరిచాను.

"వానికేం ఇష్టం?" అన్నాడు సమ్మయ్య, సాక్షిలా దూరంగా కూర్చుని.

నిజమే. ఎనిమిది నెలల్లో వాడు ఏదీ తిన్నట్టు చూడలేదు. ఒకసారి మాత్రం గిన్నెలో ఆకుపచ్చగా పొగలు కక్కేదేదో తాగాడు. అందుకని అన్నం, కోడిగుడ్డు పులుసుతో పాటు ఆకుపచ్చ కూల్‌డ్రింకు కూడా ఒక గ్లాసులో పోశాను. పావుగంట గడిచింది. కాకులు దూరంగా మరో కుటుంబం పెట్టిన విస్తరి దగ్గర పంక్తి భోజనం చేస్తున్నాయి. మా వైపు ఒక్కటీ తిరిగి చూడలేదు.

"చూసినవా. బతికిండు గనుకనే వస్తలేదు."

"కోరిక మిగిలింది వానికి," అని నేను లేచి నిలబడి, చేతులు జోడించి, గట్టిగా మొక్కాను. "పెద్దమనిషీ, నీ కోట కూల్చం. నీ గుహల జోలికి పోం. నీ జంతువుకు వేళకు దాణా పెడ్తం. నీ మీద నాకేం పగ లేదు. పాయింది పాయింది, తృప్తిగ పో."

ఈ మాటలంటుంటే నాకు నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నవ్వకండి. మీరు ఎనిమిది నెలలు ఒక మనిషి వెంట తిరగండి, తెలుస్తుంది.

అప్పుడే పక్కన ఎవరో నిలబడ్డారు. తడి తువ్వాల తల మీంచి కప్పుకున్న పెద్దాయన, అవతలి విస్తరి వాళ్ళతో వచ్చినట్టున్నాడు. నన్నూ, ఫొటోనూ తేరిపార చూశాడు.

"ఎవలు పోయిండ్లు బిడ్డా?"

"పెద్దాయన కాకా. శుక్రవారం పోయిండు."

"ఎట్ల?"

"నీళ్ళల్ల పడ్డడు."

"అయ్యో. నీకేమయితడు?"

మంచు, అగరొత్తి పొగ, నిద్రమత్తు. ఏం కాడు అనడానికి నోరు రాలేదు. "ఏం కాడని ఎట్లంట కాకా. ఎనిమిది నెలల సంది ఎంబడే ఉన్న," అన్నాను.

ఆయన తల ఊపి మంచులోకి నడిచిపోయాడు. అదే సమయానికి ఒక కాకి వచ్చి గుడ్డు ముక్కున కరుచుకుని ఎగిరింది. సమ్మయ్య ముఖం మాడిపోయింది. నేను గెలిచిన సంతోషంతో ఇంటికొచ్చి, బొందిలో ప్రాణం లేనట్టు పడి నిద్రపోయాను.

నాలుగు గంటలకు అమ్మ గొంతు విని లేచాను. అది చుట్టాలను పలకరించే గొంతు కాదు. బయటికి వచ్చేసరికి మల్లేశం గడపకు అటుపక్క, ఓదెలు ఇంకా అటుపక్క నిలబడి ఉన్నారు. అమ్మ చేతిలో నీళ్ళ చెంబు అట్లాగే ఉంది. ఓదెలును అంతకుముందు ఒక్కసారే, అదీ దూరం నుంచి చూశాను. ఇప్పుడు తల మీద తువ్వాల లేదు గానీ ఆ కళ్ళు చూడగానే గుర్తుపట్టాను. పొద్దున నన్ను పరామర్శించిన కాకా ఆయనే. నా ఫొటో ముందే చూసి ఉన్నాడు కాబట్టి ఆయన మాత్రం నన్ను అక్కడే పోల్చుకున్నట్టున్నాడు.

"నీళ్ళొద్దు చెల్లె. మీ ఇంట్ల మైల ఉంది," అన్నాడు.

"మైలేందన్నా? మా ఇంట్ల ఎవలు పోయిండ్లు?"

"గది మీ కొడుకునడుగు. మూడొద్దుల పిట్టకు పెట్టిండు. తెల్ల గడ్డం ముసలాయన. నీళ్ళల్ల పడి పోయిండట. ఆయన జాగలు, గొడ్డు మీరే చూసుకుంటమని మొక్కిండు. నేను చెవులార విన్న. చావు దాచిపెట్టి మాట ఖాయం చేసుకుంటరా ఎవలన్న?"

తెల్ల గడ్డం అనగానే అమ్మ చేతిలోంచి చెంబు పడిపోయింది. రామగిరి దగ్గర ఊళ్ళో మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న, ఒక్కడే ఉంటాడు. ఆయనకు తెల్ల గడ్డం, ఒక బర్రె, వ్యవసాయ బావి మూడూ ఉన్నాయి.

"నా బాపును నాకు చెప్పకుంటనే సాగదోలిండ్లా," అని అమ్మ గోడకు జారగిలబడి శోకం మొదలుపెట్టింది. చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్ళంతా వచ్చేశారు. మా బాపు తాతకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. చాలాసేపు మోగింది. ఆ మోగినంతసేపూ నేనే చచ్చిపోతే బాగుండునని మనస్ఫూర్తిగా అనుకున్నాను.

"ఎవల్లా?" అంది తాత గొంతు.

"మామా, మంచిగున్నవా?"

"బర్రెను కడుగుతున్న. ఏందో జల్ది జెప్పు."

అమ్మ ఏడుపు ఆపి, ముక్కు తుడుచుకుని, నా వైపు తిరిగింది. ఆ చూపును ఇక్కడ వర్ణించను. "మరి పోయిందెవలురా?" అంది.

"జోర్వాక్," అన్నాను.

"ఏ గనిల పని జేస్తడు?" అన్నాడు మా బాపు.

ఇక దాచడానికేం లేదు. సమ్మయ్యను పిలిపించారు. ఫోన్ తీసి యుద్ధమంతా చూపించాను. మల్లేశం గడప దాటి లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. బాపు కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఓదెలు మాత్రం గడప అవతల నుంచే మెడ చాచి చూశాడు. వింత ఏమిటంటే, తెల్లని వెలుగు, నీలం వెలుగు కలిసి మంచు గాలిలో ఆగినచోట ఆ ముగ్గురు పెద్దమనుషులూ ఊపిరి బిగబట్టారు. నా పెళ్ళి చెడిపోతున్నదన్న సంగతి నేను కూడా మరిచిపోయి మళ్ళీ ఆ సరస్సు వైపే చూస్తూ ఉండిపోయాను.

"ఇంకోపారి పెట్టు," అన్నాడు మల్లేశం.

రెండోసారి చివర్లో ఆయన వేలు పెట్టి ఆపాడు. నీళ్ళ అడుగున, చాలా లోతున, నీలం చుక్క ఒకటి సన్నగా మెరుస్తోంది. ఎనిమిది నెలలు ఆడిన మేం దాన్ని చూడలేదు.

"గది వాని కర్ర మీది దీపం గద. ఇంక వెలుగుతనే ఉంది," అన్నాడు. "ముప్పయ్యేండ్లు దీపాల గదిల ఉన్న బిడ్డా. లోపటికి పోయేటోనికి దీపం ఇచ్చుడు, బయటికొచ్చినంక తీసుకునుడు. ఒక్క దీపం వాపస్ రాకపోతే లోపట మనిషున్నట్టే లెక్క. దేవులాడాలె తప్ప సచ్చిండని రాసే అధికారం నాకే లేకుండె. నీకెవలిచ్చిండ్లు?"

"నేను గదే అన్న కాకా," అన్నాడు సమ్మయ్య. వాణ్ణి ఆ క్షణం సరస్సులో తోసేయాలనిపించింది.

"దీపం సంగతి సరే బావా, పిట్ట ముట్టింది గద. నేను చూసిన," అన్నాడు ఓదెలు. తర్వాత నా వైపు వేలు చూపించాడు. "అల్లుడవైతవా లేదా తర్వాత మాట. ముందుగాల నువ్వు చెప్పు. వాడు సచ్చిండంటే నువ్వు కర్మ చేసినోనివి, పదకొండొద్దులు మైల, మేం పోతం. బతికిండంటే మైల లేదు, కూసుంటం. సచ్చిండా, బతికిండా?"

అందరూ నన్నే చూశారు. చచ్చాడని నాకు తెలుసు. కాకి సాక్షిగా గెలిచాను. ఆ గెలుపు పట్టుమని పది గంటలు కూడా కాలేదు. సమ్మయ్య పళ్ళు బయటపెట్టి ఎదురుగా నిలబడ్డాడు. ఇంకో పక్క రెండేళ్ళు కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని తెచ్చుకున్న సంబంధం, పెద్దపల్లిలో కాచుకుని కూర్చున్న బావ. రజిత ముఖం గుర్తొచ్చింది. భయమేసింది, నిజంగా భయమేసింది.

"బతికే ఉన్నడు మామా," అన్నాను.

"గట్టిగ చెప్పు."

"జోర్వాక్ బతికే ఉన్నడు."

ఓదెలు తల పంకించాడు. గడప దాటబోయి మళ్ళీ ఆగాడు. "మరి బతికున్నోనికి పిట్టకు పెడ్తవా? తప్పు గాదు?"

పెద్దలు ముగ్గురూ తల పక్కకు వాల్చి ఆలోచించారు. ఉత్తపుణ్యానికి చావు కబురు పుడితే ఆ మనిషికి ఆయుష్షు పెరుగుతుంది కాబట్టి వాడికి మేలే జరిగిందని మల్లేశం తేల్చాడు. అయినా తప్పు తప్పేనని ఓదెలు పట్టుబట్టాడు. చివరికి ఫోన్‌ను బల్ల మీద నిలబెట్టి, నలభై మంది చూస్తుండగా, నేను జోర్వాక్ ముందు చెవులు పట్టుకుని మూడు గుంజీలు తీశాను. అప్పుడు ఓదెలు లోపలికి వచ్చి కాళ్ళు కడుక్కుని, అమ్మ దగ్గర నీళ్ళడిగి తాగాడు. మాట ఖాయమైంది.

పెళ్ళయింది. మరో ఆరు నెలలకు ఆట తరువాయి భాగం వచ్చింది. ఒక మధ్యాహ్నం నీలం వెలుగు నిండిన మా గదిలో నేనూ రజితా పక్కపక్కన కూర్చుని తెరిచాం. మంచు కురుస్తోంది. బూడిద రంగు మంత్రగత్తె కొండ ఎక్కుతోంది. కొండ మీద ఒక సమాధి. దాని మీద చెక్కిన పేరు జోర్వాక్. నా ఛాతీ పొంగిపోయింది.

"చూసినవా. నేను ఆనాడే అన్న. శుక్రవారమే సచ్చిండు."

రజిత తెర మీంచి కళ్ళు తిప్పకుండా అడిగింది. "మా మామకు ఏమని చెప్పినవ్?"

"బతికే ఉన్నడని."

"వాడు శుక్రవారం పోతే ఆదివారం నీకు మైల. మైలల ఖాయమైన మాట చెల్లదు. చెల్లని మాట మీద అయిన పెళ్ళీ చెల్లదు. నేను పెద్దపల్లికి పోవాల్నా?"

ఆమె ముఖంలో నవ్వు ఉందో లేదో ఎంత వెతికినా తెలియలేదు. నేను ఫోన్ బోర్లించి పెట్టాను.

"గా రాయి కింద ఇంకెవడో ఉన్నడు," అన్నాను.

అందుకని పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. శవం కళ్ళ ముందే ఉన్నా, ముక్కు కింద వేలు పెట్టి చూసినా, సమాధి మీద పేరు చెక్కి ఉన్నా, ఇక ఈ జన్మలో ఎవరినీ చచ్చాడని అనను. జోర్వాక్ సంగతి ఎవరడిగినా, నాకు పెళ్ళాం ఉన్నంతకాలం వాడు నిక్షేపంగా బతికే ఉన్నాడు.